మాలకొండమ్మ తెడ్డు

మాలకొండమ్మ నోరు కోట సంతలో అందరికీ తెలుసు. ఆమె చేపల గంప దించిందంటే బేరమాడేవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగి మాట్లాడేవాళ్లు. నోటితో తేలనిదాన్ని చేత్తో తేల్చేది. మొగుణ్ణీ కొడుకునీ నిరుడు వాంతిభేది పొట్టన పెట్టుకున్నప్పుడు ఏడవకుండా గుడిసె గుంజకేసి తల కొట్టుకున్న మనిషి. ఇక మిగిలింది ఒక్క కూతురు. పదిహేడేళ్ల పిల్ల, పేరేమో ముసలమ్మ. అమ్మవారి పేరు గనక నవ్వడానికి లేదు.

ఊరి బయట సరుగుడు తోపు పక్కన, తాటాకుల పాకలో, నార్వే దేశపు పిల్ల ఇంగ్రిడ్ ఉండేది. మిషనువాళ్లు పంపితే వచ్చి రెండేళ్లయింది. ఆ పేరు నోరు తిరక్క ఊరు ఆమెను ఇంగమ్మను చేసింది. తెల్లవారకముందే మోకాళ్ల మీద ప్రార్థన, ఆపైన శ్రుతి తప్పిన తెలుగు కీర్తన, చేతులు కాల్చుకుంటూ కాచుకున్న గంజి, మందులపెట్టె కట్టిన సైకిలు. సాయంత్రాలు ముసలమ్మ ఆమె దగ్గర అక్షరాలు దిద్దేది. అందుకు మాలకొండమ్మ కూతుర్ని తన్నింది కూడా. పిల్ల మానలేదు.

1961 ఎండాకాలంలో మళ్లీ వాంతిభేది తగిలింది. నిరుడు బయటి చుట్టాలు తెచ్చిన రోగమేనని ఊరు మరిచిపోలేదు. పెద్దలు అమ్మవారికి మొక్కి ఊరికి కట్టు కట్టించారు. పొలిమేర చుట్టూ మేకపోతు నెత్తుటితో కలిపిన అన్నం చల్లి, దారికడ్డంగా వేపమండల తాడు కట్టారు. జాతర ముగిసేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. దాటితే ఆ పాపం ఊరందరికీ చుట్టుకుంటుంది. పడవలు కూడా గట్టెక్కాయి. తాడు దగ్గర కాపలాకు మాలకొండమ్మ తెడ్డు పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. ఈసారి ఆమెకు పోగొట్టుకోవడానికి ఒక్క ప్రాణమే ఉంది.

పొద్దెక్కాక ఇంగమ్మ వచ్చింది. ఊళ్లో ఎవరికో వాంతులని విన్నదట. సైకిలు ఆపి సెలైను సీసాలు చంకన పెట్టుకుంది.

"ఆడ్నే నిలబడు! తాడు దాటినావంటే కాళ్లిరగ్గొడతా," అంది మాలకొండమ్మ.

"అమ్మా, నేను రావలెను. ప్రభువు నన్ను పంపెను."

"యా ప్రభువు పంపినా సరే, తిరిగి పో!"

ఆ పిల్ల తల వంచి తాడు కింద దూరింది. మొండిది మరి. తన దేవుడి మీద ఎంత నమ్మకమో తన పంతం మీదా అంతే. తెడ్డు లేచింది. కుడి మోచేతి కింద ఎముక పటుక్కుమంది. ఒక సీసా పగిలి ఇసుక తడిసింది. రెండో దెబ్బకు ఆమె బోర్లా పడింది. ఇంకెవరో రాళ్లందుకున్నారు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. మాలకొండమ్మకు అప్పుడు కోపం కూడా లేదు, సంతోషం వేసింది. బిడ్డను కాపాడుకున్నాననుకుంది.

అంతలో పక్కింటి కామాక్షయ్య రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "మాలకొండమ్మా! నీ బిడ్డ కక్కుకుంటా పడుండాది! కాళ్లు కొంకర్లు పోతావుండాయి!"

ఆమె చేతిలోంచి తెడ్డు జారిపోయింది. అందరికంటే ముందు లేచింది ఇంగమ్మే. విరిగిన చేతిని చీర కొంగులో వేలాడేసుకుని, మిగిలిన సీసా తీసుకుని నడిచింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు.

గుడిసెలో ముసలమ్మ కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. నరం దొరకాలి, సూది గుచ్చాలి. ఇంగమ్మ సూది గుచ్చేది కుడిచేత్తో. ఎడమచేత్తో ఒకసారి తప్పింది, మళ్లీ తప్పింది. కారే నెత్తురు చూసి మాలకొండమ్మ పిచ్చెత్తినట్టు కూతుర్ని తనవైపు లాక్కుంది. "దాన్ని పొడిచి చంపబాక! అమ్మోరికి ఒదిలిపెట్టు!"

ఇంగమ్మ ఎడమచేత్తో ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. "పట్టుకో! దీని చెయ్యి పట్టుకో!" అని అరిచింది. పుస్తకాల తెలుగు ఎటుపోయిందో.

మాలకొండమ్మ మీద మొగుడు కూడా చెయ్యెత్తి ఎరగడు. ఆమె నోరు మూసుకుని కూతురి చెయ్యి పట్టుకుంది. సూది దిగింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సీసాలో సగం నీళ్లుండగానే పిల్ల ఊపిరి ఆగింది.

ఊరి కట్టు విప్పాక వచ్చిన ఆదివారం, చేతికి బద్దలు కట్టుకుని ఇంగమ్మ ఆ గుడిసె ముందు మోకరించింది.

"అమ్మా, నేను నిన్ను కొట్టితిని. నన్ను క్షమించుము."

మాలకొండమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. "నీ చెయ్యి ఇరగ్గొట్టింది నేను. ఆ చెయ్యి బాగుంటే నా బిడ్డ బతికేదేమో. నువ్వు నన్ను అడిగేదేంది?" అంటూ ఆ పిల్ల ఎడమచెయ్యి లాక్కుని తన చెంప మీద కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. ఇంగమ్మ చెయ్యి గుంజుకోవాలని చూసింది గానీ ఆ పట్టు ముందు చేతకాలేదు.

మొగుడు పోయినా ఏడవని మనిషి అప్పుడు బావురుమంది.

"కొట్టమ్మా. నువ్వన్నా నన్ను కొట్టు."