ఫార్వర్డ్ చేసిన ఫొటో వెంట కడపకు

ఉదయం ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. ఊళ్లు చూడటానికి కాదు, నేను చేసిన తప్పు దిద్దుకోవడానికి.

నాలుగు రోజుల ముందు ఉత్తరాదిన ఎక్కడో బాంబు పేలింది. ఆ సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గడ్డం మనిషి, భుజాన పెద్ద మూట. ఈ ఉగ్రవాది కడపలో తిరుగుతున్నాడు, జాగ్రత్త అని కింద రాసి ఉంది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, ప్రతి మెట్టుకూ రుజువు అడిగినవాణ్ణి. ఆ పూట ఏమీ అడక్కుండా మూడు గ్రూపులకు పంపేశాను.

రెండు రోజులకు కడపలో ఉండే నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. ఆ మనిషి వాళ్ల వీధిలో పరుపులు కుట్టే మస్తాన్. మూటలో ఉన్నది దూది. అంగడికి జనం రావడం మానేశారట, కూతురు కాలేజీకి పోవడం లేదట. ఫోన్‌లో క్షమాపణ చెబితే చాలదా అంది మా ఆవిడ. నాకు చాలదనిపించింది.

నంద్యాలలో ఇడ్లీ తిన్నాను. తొమ్మిదికి ఆళ్లగడ్డలో కోయిలకుంట్ల రైతొకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్ నా ముందు పెట్టాడు. అదే ఫొటో.

"చూసినావాప్పా? వీడు కడపలోనే ఉండాడంట."

అది అబద్ధమని, నేనూ దాన్ని పంపానని, ఆ ఫొటోలోని మనిషి దగ్గరికే పోతున్నానని చెప్పాను.

"నిప్పు లేందే పొగొస్తాదా?" అన్నాడు.

"ఆ పొగ పెట్టినోళ్లలో నేనొకణ్ణి."

 మైదుకూరులో దిగేముందు మాత్రం ఆ ఫొటో ఎట్లా తీసేయాలో చూపించమన్నాడు.

పదకొండున్నరకు అంగడి చేరాను. మస్తాన్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఆశగా లేచి, పరుపు ఏ కొలతకు కావాలని అడిగాడు. వచ్చిన పని చెప్పడం అప్పుడే అన్నిటికన్నా కష్టమైంది. అంతా విని సూదిలోకి దారం ఎక్కించసాగాడు. ఇద్దరం కలిసి వీడియో తీసి పంపుదామన్నాను.

"నా మొగం ఇంగ యాడా తిప్పొద్దు సార్. మీ మొగం చూపించుకోండి."

నన్ను క్షమించమని అడిగితే, ముందు పంపినోళ్లందరికీ చెప్పి రమ్మన్నాడు.

వీధి చివరకు పోయి, నా పేరూ ఊరూ చెప్పి, నేను పంపింది అబద్ధమని ఒక్కణ్ణే వీడియో తీసి మూడు గ్రూపుల్లో పెట్టాను. ఒంటిగంట బస్సెక్కేలోపు ఒక గ్రూపు నుంచి వీడియో చెరిపేసి నన్నూ తీసేశారు. ఇంకోదాంట్లో పాత స్నేహితుడు నేను వాళ్లకు అమ్ముడుపోయానని రాశాడు. ఆ తిట్టు చదువుతుంటే నాలుగు రోజులుగా మస్తాన్ పడుతున్నది కాస్త అర్థమైంది.

నన్ను తీసేసిన గ్రూపులో నాకు తెలిసినవాళ్ల నంబర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేయసాగాను. నంద్యాల వచ్చేసరికి తొమ్మిదిమందితో మాట్లాడాను. వాళ్లలో ఇద్దరు మధ్యలోనే ఫోన్ పెట్టేశారు. ఇలాంటి పని మీద బయల్దేరే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: పోయే దారి అయిదు గంటలు, తిరుగు దారి మాత్రం ఇల్లు చేరినా అయిపోదు. పదో నంబరు నొక్కాను.