తన చక్రాల మీదే వెళ్ళిన కారు

సింగపూర్‌లోని క్లెమెంటిలో మా ఇంటి ఓనర్ అంకుల్ కిందటి వారం పోయారు. ఆంటీ ఫోన్ చేసే సరికి నేను ఆఫీసులో పడిపోయిన సర్వర్ ముందు చేతులు కట్టుకుని సంతాపం పాటిస్తున్నాను. "బాబూ, అంకుల్ ఇక లేరు. కాఫీ తాగి, పేపర్ మడిచి, అలాగే కుర్చీలో..." అన్నారావిడ. సర్వర్‌ను దాని కర్మకు వదిలేసి రైలెక్కాను. ఈ సాఫ్ట్‌వేర్ జోరులో ఇక్కడ రోజుకో కంపెనీ పుడుతోంది, రోజుకోటి పోతోంది. వాటి కోసం ఎవరూ లిఫ్ట్ దిగి రారు. అంకుల్ కోసం మాత్రం బ్లాకంతా దిగింది.

ఉద్యోగానికని కొత్తగా వచ్చి ఆయన ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్న వాణ్ణి నేను. ఆయనది తాతల నాడే విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను ఎప్పుడు ఇంటికొచ్చినా మొదటి మాట "మకాన్ అయిందా?" అని, భోజనానికి ఇక్కడి మలయ్ మాట. తిన్నానంటే నమ్మేవారు కాదు, తినలేదంటే ఊరుకునేవారు కాదు.

ఆదివారం పొద్దున్నే బనీను మీద, బకెట్‌తో లిఫ్ట్‌లో కిందికి దిగేవారు. కింద పాత దుప్పటి కప్పుకుని ఆయన కారు ఉండేది. నా కంటే పెద్దది వయసులో. బిస్కెట్ రంగు, గుండ్రటి హెడ్‌లైట్లు, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుండే ముఖం. అది పాతబడిందని ఒకసారి నోరు జారాను. "మీరు రాసే ప్రోగ్రాములు ఆరు నెలలకు పాతబడతాయి బాబూ. నా కారు ఎప్పుడో పాతబడిపోయింది. ఇక దానికి ఆ భయం లేదు" అన్నారు.

పాతదవడానికి భయం లేదు గానీ, ఈ ఊళ్ళో మనకు లాగే కారుకు కూడా గడువుంటుంది. గడువు తీరితే తుక్కు యార్డుకైనా పోవాలి, దేశం దాటైనా పోవాలి. దాన్ని వంతెన అవతల మలేషియాలో, జొహోర్‌లో ఉండే బావమరిది షెడ్డుకు చేర్చాలని అంకుల్ నిర్ణయించారు. సరిగ్గా ఆ నెలలోనే ఇంజన్ పోయింది. లారీ మీద ఎక్కించి పంపుదామన్నాను.

"పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి అదేమన్నా శవమా? తన చక్రాల మీద తను వెళ్తుంది."

దానికి మార్గం బావమరిది దగ్గరే ఉంది. అతను ఒక పాత టూరిస్టు బస్సులో మంచం, స్టవ్, సింకు బిగించి, కదిలే ఇల్లు చేసుకున్నాడు. దాని వెనక ఇనుప కడ్డీతో కారును తగిలిస్తే, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండి దొర్లుకుంటూ వస్తుంది. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి, స్టీరింగ్ లాక్ తీసి ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ దించి ఉండాలి. అంతే. రెండు దేశాల అనుమతులూ దొరికాయి, ఒకే ఒక్క రోజుకు. అది తప్పితే తుక్కు యార్డే.

ఆ రోజు ఆ ఇంటి బస్సుకు చోటు కోసం అంకుల్ తెల్లారకముందే పార్కింగ్‌లో వరసగా టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేశారు, అంటే ఇక్కడి పద్ధతిలో జాగా పట్టుకున్నారు. ఫుడ్ కోర్టులో కుర్చీకి చేసే మర్యాద బస్సుకు చేసిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. పక్కింటి చైనీస్ అంకుల్ కడ్డీని చూసి, "దిస్ వన్ కెనాట్ లా!" అని తల అడ్డంగా ఊపాడు. "కెన్, కెన్" అన్నారు అంకుల్.

ఆంటీ పసుపు, కుంకుమ, సంచీడు నిమ్మకాయలతో దిగారు.

"బస్సుకు పెట్టు, సరే. ఇంజనే లేని దానికెందుకే?" అన్నారు అంకుల్.

"చక్రాలున్నాయా లేవా? మీరు పక్కకు జరగండి."

ఎనిమిది నిమ్మకాయలూ పెట్టారు. అంకుల్ ఆఖరిసారి కారులో కూర్చుని, స్టీరింగ్‌కు బొట్టు పెట్టి దిగి, తలుపు మెల్లగా వేశారు. బస్సు కదిలింది. బస్సు కింద కాయలు చితికాయి. కారు ముందు చక్రాల కిందివీ చితికాయి.

"ఆపరా తమ్ముడూ! ఆపు!" ఆంటీ కేక నాలుగో అంతస్తు దాకా వినపడింది. "వెనక కాయలు నలగలేదు!"

"నలక్కపోతే పోనీవే! బోర్డర్‌లో క్యూ పెరిగిపోతోంది" అన్నారు అంకుల్.

"దొర్లితే నలగాలి కదండీ! చూడండి, ఈడ్చుకొస్తోంది!"

తమ్ముడు దిగి వంగి చూశాడు. వెనక చక్రాలు తిరగనే లేదు. నిమ్మకాయలను ముందుకు నెట్టుకుంటూ నేల మీద నల్లగా గీత గీశాయి. అతను తలుపు తీసి లోపల చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"బావా, దిగేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగేశారా?"

అంకుల్ తన ఎడమ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ముప్పై ఏళ్ళుగా దిగేటప్పుడు లాగుతోందిరా. ఇవాళ లాగొద్దని దానికెవరూ చెప్పలేదు."

అలాగే వెళ్ళుంటే బ్రేకులు కాలి, టైర్లు చిరిగి, మా ఊరేగింపు వంతెన మధ్యలో ముగిసేది. అంకుల్ బ్రేక్ దించారు. తర్వాత ఆంటీ సంచీలోంచి రెండు కాయలు తనే తీసుకుని, మోకాళ్ళ మీద వంగి, వెనక చక్రాల కింద పెట్టి, "చాలా, ఇంకా ముందుకా?" అని ఆవిణ్ణి అడిగారు. ఆ ఇంట్లో ఆయన సలహా అడగగా నేను చూసింది అదొక్కసారే.

బస్సు కదిలింది. ఫట్, ఫట్. వరండాల్లోంచి బ్లాకంతా చప్పట్లు కొట్టింది. ఇందాక కెనాట్ అన్న చైనీస్ అంకుల్ ఈల వేశాడు.

మేమూ బస్సెక్కాం. వంతెన మీద క్యూలో పక్క వాహనాల వాళ్ళు మాకు చేతులూపారు. మధ్యాహ్నానికల్లా కారు అవతలి గడ్డ మీద ఉంది, తన చక్రాల మీద. ఆంటీ పులిహోర పొట్లాలు విప్పారు. అంకుల్ తినలేదు. బస్సు వెనక మంచం మీద మోకాళ్ళేసి కూర్చుని, వెనక అద్దంలోంచి కారునే చూస్తున్నారు. "మెల్లగా... ఎడమకి... ఊఁ, శభాష్" అంటున్నారు, కొత్తగా బండి నేర్చుకునే పిల్లకు చెప్పినట్టు. నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. పామాయిల్ తోటల మధ్య రోడ్డు వంపు తిరిగింది. ఖాళీ సీటు ముందు స్టీరింగ్ తనంతట తనే ఎడమకు తిరిగి, వంపు దాటాక మెల్లగా నిటారుకు వచ్చింది.