పెళ్ళిచీర మీద ప్లస్ నాలుగు

మొన్న కాలివేళ్ళ మధ్య ఒరుసుకుపోయిందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే పొటాషియం పర్మాంగనేట్ రాసిచ్చి, "గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క పలుకు వేసి కాళ్ళు పెట్టుకోండి ఆంటీ, ఒక్కటంటే ఒక్కటే" అంది. ఒక్క పలుకంటే వింటానా? ఎవరింటి పిల్లననీ! చిటికెడు పోశాను. నీళ్ళు వంకాయ రంగుకొచ్చాయి, కాళ్ళు కొబ్బరిపీచు రంగుకొచ్చాయి, పొట్లం విప్పిన వేళ్ళు కూడా అంతే. మావారు పేపరు పక్కన పెట్టి తొంగిచూసి, "ఇంకా నయం, బావిలో వెయ్యలేదు" అన్నారు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఈ మనిషి ఆ బావిని వదలరు.

ఆ బావి తెనాల్లో మా పుట్టింటి పెరట్లోది. అందులో ఇదే మందు వేసింది మా బాబాయ్. ఆయన రేపల్లెలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాడు. రోజూ పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం చొక్కా జేబు నిండా సుద్దముక్కలతో దిగేవాడు. ఆయన లెక్కలో లోకంలో రెండే రకాలు. ఎలక్ట్రాన్లు లాక్కునేవి ఆక్సీకరణులు, ఇచ్చేసేవి క్షయకరణులు. "లాక్కునేవాడొక్కడే ఉన్నా, ఇచ్చేవాడొక్కడే ఉన్నా ఏ పనీ జరగదమ్మాయ్, ఇద్దరూ ఉండాల్సిందే" అంటూ నా పళ్ళెంలో గారె తీసి తన నోట్లో వేసుకునేవాడు. వాళ్ళమ్మ, అంటే మా నానమ్మ, తన గారె తెచ్చి నా పళ్ళెంలో వేసేది. "చూశావా, మా అమ్మ అసలు సిసలు క్షయకరణి" అని ఆయన మురిసిపోతే, "నేనేదైతే నీకేంట్రా, ముందు చెయ్యి కడుక్కో" అనేది ఆవిడ.

ఎనభైల చివర్లో మే నెలలో నా పెళ్ళి కుదిరింది. అబ్బాయిది బాపట్ల. అబ్బాయి వాళ్ళమ్మగారు హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచకుండానే వీధి చివర కుక్కని కూడా కూర్చోబెట్టగలరని పేరు. మా చర్చి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీరే కట్టాలి, అదీ మగపెళ్ళివారు పెట్టిందే. ఆవిడ నేతగాళ్ళ ఊరు పేరాలలో తన పెళ్ళిచీర నేసిన ఇంట్లోనే నా చీర కూడా నేయించి, పెళ్ళి వారం రోజులుందనగా తెచ్చి నా చేతిలో పెట్టారు. "దీన్ని మచ్చ పడకుండా చూసుకోమ్మా" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకే నాకు వారం రోజులు నిద్రపట్టలేదు. ఇంకా కాపరానికి వెళ్ళకముందే ఆవిడ దగ్గర ఫెయిలైపోతానేమోనని భయం.

పెళ్ళి ఎల్లుండనగా, చుట్టాలొస్తున్నారు, నీళ్ళు తేడాచేసి ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే పరువు పోతుందని బాబాయ్ బావిలో మందు వేశాడు. అందరూ వేసేది ఒక చెంచా. ఈయన, వచ్చేది వందమంది కదా అని పొట్లమంతా బోర్లించాడు. ఎరుపు పోయేదాకా ఎవరూ చేద ముట్టకండని ఇంట్లో అందరికీ చెప్పాడు, ప్రార్థన కూటానికి వెళ్ళిన నానమ్మకి తప్ప. మర్నాడు తెల్లారగానే నానమ్మ తన ఆచారం ప్రకారం, కొత్త నేతచీర ఒకసారి నీళ్ళలో జాడించి నేతగంజి వదిలిస్తేగానీ ఒంటికి అంటదని, అదే బావిలో నాలుగు చేదలు తోడి, చీర జాడించి, పెరట్లో తాడు మీద ఆరేసింది. ఎంతో ప్రేమగా, అంచులు లాగి మరీ ఆరేసింది.

పదిగంటలకి పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, తాడు మీద నా పెళ్ళిచీర లేదు! టీ వడకట్టే గుడ్డలాంటిదేదో వేలాడుతోంది. నేను పెట్టిన కేకకి కాకులు లేచిపోయాయి. "ఏమైందే?" అంటూ వచ్చింది నానమ్మ. "ఏమైందా? నీళ్ళు అంత ఎర్రగా ఉంటే కళ్ళు కనబడట్లేదా నీకు?" అని అరిచాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

బాబాయ్ వచ్చి చీర చూశాడు. మొహం పాలిపోయింది. ఆ వెంటనే, నిజం చెప్పొద్దూ, కళ్ళు మెరిశాయి కూడా. "మాంగనీస్ ప్లస్ ఏడులో ఉన్నప్పుడు ఎవరి దగ్గర ఎలక్ట్రాన్లున్నాయా అని తిరుగుతుందమ్మాయ్. బట్ట దొరికింది, మూడు లాక్కుంది, ప్లస్ నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆ గోధుమరంగు అదే. ఇంకో రెండు ఇచ్చేవాడు దొరికితే ప్లస్ రెండుకి దిగి, రంగు లేకుండా నీళ్ళలో కలిసిపోతుంది."

"బాబాయ్, రేపు పదిగంటలకి నా పెళ్ళి!"

"అదే చెప్తున్నా. ఆక్సాలిక్ ఆమ్లం ఉంటే ఐదు నిమిషాల పని" అన్నాడు. ఆ ఆమ్లమేమో రేపల్లెలో కాలేజీ ల్యాబులో ఉంది, ల్యాబుకేమో వేసవి సెలవులు, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఏసయ్యకే తెలియాలి. ఉసూరుమని అరుగు మీద కూలబడ్డ బాబాయ్‌కి ఎదురుగా బస్తా కనబడింది. చుట్టాలకి షర్బత్ కలపడానికి పొద్దున్నే మార్కెట్ నుంచి దిగిన నిమ్మకాయలు. తెనాల్లో ఏది కరువైనా నిమ్మకాయ కరువవదు. "ఇదిగో క్షయకరణి!" అని గావుకేక పెట్టాడు.

ఇక చూడండి సంబరం. కత్తిపీట ముందు నేను, గంగాళం ముందు బాబాయ్. పిండటం, ఆ రసంలో చీర నానబెట్టడం, ఎండలో పెట్టడం. గోరింటాకు పెట్టుకున్న చేతులు రసానికి భగ్గుమంటున్నా పిండుతూనే ఉన్నాను. ఒంటిగంటకి సగం చీర తెల్లబడింది, సగం ఇంకా టీ రంగులోనే ఉంది. సరిగ్గా అప్పుడు, సాయంత్రం బండికి రావాల్సిన మా కాబోయే అత్తయ్యగారు పూలబుట్టతో గుమ్మంలో దిగారు.

బాబాయ్ పరుగున వెళ్ళి వరండాలో అడ్డంగా నిలబడ్డాడు. "రండి వదినగారూ, కూర్చోండి. అసలు ఇనుముకి తుప్పెందుకు పడుతుందంటారు?" అని మొదలుపెట్టాడు. ఆవిడ పావుగంట ఓపిగ్గా విని, "మాస్టారూ, మీ మోచేతుల దాకా నిమ్మగింజలెందుకున్నాయండి?" అనడిగి, సమాధానం కోసం ఆగకుండా పెరట్లోకి వచ్చేశారు.

గంగాళం చూశారు. చీర చూశారు. నన్ను చూశారు. "తప్పు నాదేనమ్మా, నేనే జాడించాను" అంటూ నానమ్మ గోడ పట్టుకుని ముందుకొచ్చింది. అత్తయ్యగారు గోడ తడుముతున్న ఆవిడ చేతిని చూశారు. మెల్లగా ఒక చేద నీళ్ళు తోడారు. ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. "అమ్మగారూ, ఈ నీళ్ళు ఏ రంగులో ఉన్నాయండి?" అనడిగారు.

"నీళ్ళకి రంగేంటమ్మా? తెల్లగానే ఉన్నాయి కదా!"

బాబాయ్ చేతిలో నిమ్మచెక్క జారిపోయింది. రోజూ మా ముందు బైబిలు ఒళ్ళో తెరుచుకుని కీర్తనలు గడగడా చదివే మనిషి. చదవట్లేదని, కంఠస్థం వచ్చినవి చెప్తోందని, పెళ్ళి ఖర్చుల్లో తన కళ్ళ ఖర్చెందుకని మా దగ్గర దాచిందని ఆ క్షణం దాకా మాకెవరికీ తెలీదు. అందరికీ ఇచ్చే మనిషి అని మురిసిపోవడమేగానీ, ఆవిడకేం కావాలో ఒక్కరం అడగలేదు.

"అవునండి, తెల్లగానే ఉన్నాయి" అన్నారు అత్తయ్యగారు. "చీర కూడా తెల్లగానే ఉందండి." ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, కొంగు బిగించి, "ఇలా ఇవ్వమ్మాయ్ ఆ కత్తిపీట" అన్నారు. సాయంత్రానికి బస్తా ఖాళీ. షర్బత్ తాగుదామనుకున్న చుట్టాలు ఉత్త పంచదార నీళ్ళు తాగి మమ్మల్ని దీవించారు. మర్నాడు చర్చిలో పెళ్ళికొడుకు వంగి నా చెవిలో మొదటిసారి చెప్పిన మాట, "ఏంటండీ, ఊరగాయ వాసనొస్తోంది?" అని. పైట చివర రూపాయంత మచ్చ మాత్రం ఏం చేసినా పోలేదు. అది లోపలికి మడిచి పిన్ను పెట్టింది అత్తయ్యగారే.

ఆ పై నెలలోనే ఆవిడ నానమ్మని బాపట్ల తీసుకొచ్చి, తన దగ్గరుంచుకుని కళ్ళకి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పాక నానమ్మ చూస్తానని అడిగింది నా పెళ్ళిచీరే. కళ్ళద్దాలు సర్దుకుని అంతా తిరగేసి, "ఏమేవ్, ఇక్కడ ఈ మచ్చేంటే? కనబడట్లేదా నీకు?" అని నన్ను తిట్టింది. హాయిగా తిట్టించుకున్నాను.

మొన్న వేళ్ళకి నిమ్మచెక్క రుద్దుకుంటే మరక పోయింది. ఉండబట్టలేక బీరువాలోంచి ఆ చీర తీసి కిటికీ దగ్గర పరిచాను. నానమ్మ లేదు, బాబాయ్ లేడు, అత్తయ్యగారూ లేరు. మచ్చ కోసం ఎంతసేపు వెతికినా దొరకలేదు. పోయిందనుకున్నారా? అది ఉన్నచోటే ఉంది. ఇన్నేళ్ళ గాలికి చీరంతా మెల్లగా దాని రంగుకొచ్చేసింది.