కుంపటిని గుర్తుపట్టిన జుబేదా

మదనపల్లె నుంచి సిడ్నీ వచ్చిన జుబేదా, ఆ ఊరి శివారు గిరావీన్‌లో కాపురం ఉండేది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయడం ఆమె పని. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న కంప్యూటర్లు 2000 రాగానే తికమకపడతాయన్న వైటూకే భయం పుణ్యమా అని, 1999లో అలాంటివాళ్లకు చేతినిండా పని ఉండేది. ఆ మార్చిలో ఓ చిన్న చర్చి మ్యూజియంలో ఆమెకు ఆరు నెలల కాంట్రాక్టు దొరికింది.

అక్కడివి చాలామటుకు అమెరికా వస్తువులే. ఆ దేశపు తొలినాటి చర్చిల బైబిళ్లు, గిన్నెలు, ఉత్తరాలు. ఓ పాస్టరు కుటుంబం ఆస్ట్రేలియాకు తెచ్చుకుని, చివరికి దానం చేసింది. కంప్యూటర్‌లో ప్రతి వస్తువుకూ సంవత్సరం రెండంకెల్లోనే ఉంది. 41 అంటే 1741 కావచ్చు, 1841 కావచ్చు.

"అన్నిటికీ ముందు 18 పెట్టేయండి. అడిగేవాళ్లెవరూ లేరు," అంది క్యూరేటర్ హెలెన్. ఆమె రిటైరవడానికి దగ్గర్లో ఉంది.

"చూడకుండా ఎలా పెడతాను? ఒక్కొక్కటీ తీసి చూస్తాను," అంది జుబేదా.

మూడో వారంలో చెక్క చట్రంలో బిగించిన రేకు పెట్టె ఒకటి చేతికొచ్చింది. చీటీ మీద 'లాంతరు, 41' అని ఉంది. పైనా పక్కలా సన్నని చిల్లులే తప్ప వెలుతురు వచ్చే దారి లేదు. లోపలి ఇనప గిన్నె అంచున బూడిద అంటుకుని ఉంది. మదనపల్లె చలికాలంలో నానమ్మ కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని తస్బీ పూసలు తిప్పుకోవడం జుబేదాకు గుర్తొచ్చింది.

"ఇది లాంతరు కాదు. కాళ్లు కాచుకునేది. ఎవరో ఆడమనిషి చర్చికి తీసుకెళ్లి ఉంటుంది," అంది హెలెన్‌తో.

హెలెన్ కొట్టిపారేయలేదు. ఇద్దరూ రెండు రోజులు ఉత్తరాలు వెతికారు. 1741 జనవరిలో ఒకావిడ చెల్లెలికి రాసిన ఉత్తరం దొరికింది: "మందిరంలో పొయ్యి లేదు. ప్రసంగం రెండు గంటలు. పాదాల కింద అమ్మ నిప్పుల పెట్టె లేకపోతే దేవుడి మాట ఒక్కటీ చెవికెక్కేది కాదు."

హెలెన్ పాత చీటీ తీసేసి, కొత్తది జుబేదా చేతే రాయించింది.

2000 సంవత్సరం ఏ గొడవా లేకుండా వచ్చింది. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే ఐటీ ఉద్యోగాలు పడిపోయాయి, మ్యూజియం కాంట్రాక్టు తర్వాత జుబేదా చేరిన ఉద్యోగం కూడా పోయింది. అప్పుడు హెలెన్ ఫోన్ చేసింది, యూనివర్సిటీలో తొలినాటి అమెరికా మత చరిత్ర చెబుతున్నారనీ, తాను సిఫారసు రాస్తాననీ.

"సాఫ్ట్‌వేర్ ఇడిసిపెట్టి చర్చిల హిస్టరీ చదువుతావా?" అన్నాడు భర్త సయీద్.

"పాస్టర్లు ఏం చెప్పినారో అందరూ రాసినారు. వింటా కూర్చున్న ఆడోళ్ల సంగతి ఎవరూ రాయలేదు. నాకు తెలుసుకోవాలనుంది."

సయీద్ కూతురి వైపు చూశాడు. "క్లాసుల రోజు షిఫాను నేనే స్కూల్ నుంచి పిక్ చేసుకుంటాలే."

"మమ్మీ, యూ విల్ హావ్ హోంవర్క్ టూ?" అంది పక్కనే ఉన్న ఏడేళ్ల షిఫా.

చదువు మధ్యలోనే మ్యూజియంలో వారానికి మూడు రోజుల ఉద్యోగం వచ్చింది. పొద్దుటి ప్రసంగానికీ మధ్యాహ్నం ప్రసంగానికీ మధ్య ఆ ఆడవాళ్లు మళ్లీ నిప్పులు ఎవరింట్లో అడిగి తెచ్చుకునేవారో వెతికి, పెద్ద వ్యాసం రాసింది. ఓ సాయంత్రం సయీద్ దాన్ని రైల్లో చదువుకుంటూ తాను దిగాల్సిన పెండిల్ హిల్ స్టేషన్ దాటిపోయాడు.

"తర్వాతి స్టేషన్ టూంగాబీలో ఉండా, కారు తీసుకుని రా," అన్నాడు ఫోన్లో. "నిదానంగానే రా. ఇంకా నాలుగు పేజీలుండాయి."