చొప్పగూట్లో మూడో గొంగడి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. తిన్న అన్నం మీద ఒట్టు, ఒక్క ముక్క కల్పించి చెప్పడం లేదు. దయ్యాలంటారా... నేను నమ్మను. ఆ మాటకొస్తే మనుషుల్నీ అంత తొందరగా నమ్మను.

అరవైల మొదట్లో సంగతి. మాది నల్గొండలో మగ్గం ఇల్లు. నేను మాత్రం మగ్గం వదిలి కెమెరా పట్టాను. పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాణ్ణి. చలికాలం వస్తే పిట్టల పిచ్చి. కల్వకుర్తి దగ్గర ఒక చెరువుకు ఏటా బాపన బాతులు దిగేవి. కావిరంగు ఒళ్లు, లేత రంగు తల... అబ్బ, చూడాలి! కానీ మహా అనుమానపు జాతి. మనిషి అలికిడైతే చాలు, అరుచుకుంటూ లేచిపోతాయి.

ఆ చెరువున్న ఊరే నా దోస్తు యాదగిరిది. వాడిదీ నేతపనే. వాడి చెల్లెలు బాలమణిని నాకిస్తామని పెద్దలు మాట ఇచ్చారు. ముహూర్తం పెట్టడమే మిగిలింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆమెకు నేనంటే ఇష్టమో కాదో... అడిగే రోజులా అవి?

మాకొక కిటుకు ఉండేది. పిట్టలకు లెక్క రాదు. దాక్కునే గూట్లోకి ఇద్దరం కలిసి పోతాం. ఒకడు బయటికొచ్చి, దగ్గుకుంటూ, అందరికీ కనబడేలా వెళ్లిపోతాడు. మనుషులు పోయారనుకుని బాతులు దిగుతాయి. రెండోవాడు లోపలే ఉంటాడు, కెమెరాతో.

ఆ రోజూ అంతే. వేగుచుక్క ఇంకా పొడవలేదు. వెన్నెల మసగ్గా ఉంది. ఇద్దరం తలమీదుగా గొంగళ్లు కప్పుకున్నాం. చెరువు అంచున జొన్నచొప్పతో కట్టిన గూడు. దూరాం. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"పోతున్న బావా, జర పైలం. దగ్గొస్తే గొంగడి నోట్లె కుక్కుకో" అన్నాడు యాదగిరి.

"పోరా, పో. అవతల కట్టమీద కూసో. మల్ల ఇటు రాకు" అన్నాను.

వెళ్లాడు. దగ్గు వినిపించింది... ఇంకా దూరంగా వినిపించింది... ఆగిపోయింది.

నీళ్లు చప్... చప్... అంటున్నాయి. అంతలో నా వెనక చొప్ప గరగరలాడింది. తడిసిన గొంగడి వాసన. ఎవరో పక్కకొచ్చి కూర్చున్నారు. భుజం నా భుజానికి ఆనింది.

నాకు మండింది. "ఎందుకొచ్చినవ్‌రా మల్ల? చలి పెడుతాందా?" గుసగుసగా అడిగాను.

"ఊఁ..."

అంతే. సరే, వచ్చినవాడు వచ్చాడు. చీకట్లో మొహం కనబడదు కదా, నాకూ ధైర్యం వచ్చింది. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"యాదగిరీ... బాలమణికి నేనంటే ఇష్టమేనా?"

చప్... చప్... నీళ్లు. తర్వాత, నా చెవి పక్కనే...

"ఊహూఁ."

ఆ మాట సొంత అన్న నోటినుంచే వచ్చింది కదా! పాడు కెమెరా, పాడు పిట్టలు అనుకుంటూ కూర్చున్నాను. తెల్లబడుతోంది. బాతులు దిగాయి. మా ముందే, బెదురూ గిదురూ లేకుండా. కెమెరా ఎత్తి కంతలోంచి చూశాను.

అవతల కట్టమీద నెగడు. దాని పక్కన గొర్రెలకాపరి. వాడి పక్కన... బీడీ తాగుతూ... యాదగిరి.

నేను మళ్లీ చూశాను. యాదగిరే.

భుజం ఇంకా నా భుజానికి ఆనే ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఇరుకు గూట్లో ఇద్దరు కూర్చుంటే కాసేపటికైనా వేడెక్కాలి కదా... ఎక్కలేదు. ఆ భుజం మొదట ఎంత చల్లగా ఉందో, ఇప్పుడూ అంతే చల్లగా ఉంది.

తల తిప్పలేదు. ఎవడు తిప్పుతాడు? ముందు చొప్ప చీల్చుకుని నీళ్లలో పడ్డాను. బాతులు గోలగా లేచిపోయాయి. యాదగిరి, కాపరి పరుగెత్తుకొచ్చారు. గూడు వెతికారు. ఎవరూ లేరు.

కాపరి నన్ను ఎగాదిగా చూశాడు. "గొర్రెల దొంగలేమో అని మిమ్మల్నే చూసుకుంట కూసున్ననయ్యా. ముగ్గురు పోయిండ్రు. గీయినె ఒక్కడే వచ్చిండు. ఇంకొకడు ఏడి?"

అప్పుడు నాకు అంతా తెలిసినట్టయింది. యాదగిరే! ఎవణ్ణో గొంగడి కప్పి మా వెనకే నడిపించాడు. సంబంధం ఇష్టం లేదని నోటితో చెప్పలేక ఈ నాటకం ఆడాడు.

"ఎవన్ని తెచ్చినవ్‌రా?" అని గల్లా పట్టాను.

"నేనెవన్ని దెస్త బావా? పిచ్చి లేసిందా?"

"అయితే నీ చెల్లె మీద ఒట్టేయ్!"

యాదగిరి మొహం మారిపోయింది. "పెండ్లిపిల్ల మీద ఒట్టా? నా పానం మీద ఏస్త. దాని జోలికి మాత్రం రాకు."

"ఏయకుంటె నువ్వే చేసినట్టు."

వాడు నా చెయ్యి విదిలించుకుని, వెనక్కి చూడకుండా ఊళ్లోకి నడిచాడు. మాపటికల్లా సంబంధం వద్దని కబురొచ్చింది. నేనూ బతిమాలడానికి పోలేదు. ఆ పిల్లను షాద్‌నగర్ ఇచ్చారు.

నిజంగా ఒట్టుకే భయపడ్డాడా, తప్పు చేసి జంకాడా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను. అడిగితే వాడనేది ఒకటే, "నాకేం ఎరుక?" అని. నేను మాత్రం వాడి పనేనని గట్టిగా అనుకుంటాను. మీరూ అలాగే అనండి, మీకు పుణ్యముంటుంది. వాడు కాకపోతే... అదెవరో, ఏమిటో కూడా తెలియదు... దాని మాట పట్టుకుని నేను బాలమణిని వదులుకున్నాను.