పిల్లమ్మ అందించని మాట

ఫ్యాక్టరీల పేట పీణ్యలో పిల్లమ్మ మొగుడు ఆవులప్పను చూసిన వాళ్ళెవరూ రోగిష్ఠి అనుకోరు. లేతు మిషను నుంచి ఎగిరొచ్చిన ఇనుప ముక్క తలకు తగిలి రెండేళ్ళయింది. పుండు మానింది, జుట్టు మొలిచింది, స్కానింగులో ఏమీ లేదన్నారు. కానీ స్టవ్ వెలిగించి మరిచిపోయి వీధిలోకి పోతాడు. మెదడు పనితీరు ఎక్కడ దెబ్బతిందో ఓపిగ్గా పరీక్షించి, పోయిన అలవాట్లు మళ్ళీ నేర్పించే డాక్టర్లు ఉంటారట. వాళ్ళు ఊరి ఆ చివర పెద్దాసుపత్రిలోనే ఉన్నారు. వంతు వచ్చేసరికి ఏడాది. అట్లాంటి డాక్టరును పీణ్య పక్కకు వేయించమని ఎమ్మెల్యేను అడగడానికి పిల్లమ్మ బయల్దేరింది.

పెద్దమనిషి ఇంటికి మాసిన బట్టలతో పోకూడదు కదా. మొగుడికి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, నుదుట విభూతి పెట్టింది. బస్సులో మాటలు వల్లె వేయించింది. మరిచిపోతే పక్కనుంచి తాను అందిస్తుంది. చుట్టాల ముందు ఇన్నాళ్ళూ అట్లాగే పరువు కాపాడుతోంది.

ఎమ్మెల్యే వాకిట్లో పొద్దున్నే జనం. కన్నడ ఊరైనా ఆయనదీ తెలుగిల్లే.

“నమస్కారం సార్. నేను ఆవులప్ప. లేతు మిషను పని.”

“యా ఊరప్పా?” అన్నాడు ఎమ్మెల్యే.

“చింతామణి,” పిల్లమ్మ గుసగుసగా అంది.

“చింతామణి సార్.”

“పెండ్లికొడుకు మాదిరి ఉండాడు కదమ్మా. ఏమయిందీయనకు?”

పక్కనున్న సహాయకుడు అందుకున్నాడు. “మూడు చక్రాల బండి ఇప్పిద్దామా సార్? ఒకటి మిగిలుండాది.”

“నడిచేదానికేమప్పా, బాగా నడుస్తాడు. యాడికి నడిచిపోతాడో ఆయప్పకే తెలీదు,” అంది పిల్లమ్మ.

జనం నవ్వారు. ఎమ్మెల్యే చూపు అప్పటికే వెనకనున్న మనిషి మీదికి పోయింది. జబ్బును ఇస్త్రీ చొక్కా కింద దాచిపెట్టింది తానేనని పిల్లమ్మకు అప్పుడు తట్టింది. మొగుడి పక్కనుంచి దూరంగా జరిగింది.

“ఇంకోసారి అడగండి సార్. నేను చెప్పను.”

“ఏమప్పా, ఈడికి యాలొచ్చినారు?”

ఆవులప్ప కళ్ళతో భార్య కోసం వెతుక్కున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నమస్కారం సార్. నేను ఆవులప్ప. లేతు మిషను పని.”

మళ్ళీ నవ్వులు. ఎమ్మెల్యే మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే నమస్కారం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్లమ్మకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది. అయినా మాట అందించలేదు.

ఎమ్మెల్యే కాఫీ లోటా పక్కన పెట్టాడు. “ఇట్లాంటోళ్ళు ఇంకా ఉండారా?”

“శానామంది ఉండారు సార్. మా వీధిలోనే సుంకమ్మ కొడుకు, బైకు మీదనుంచి పడినోడు. డాక్టరు వారానికొక్కసారి ఈ పక్కకొచ్చినా చాలు.”

“మంత్రిని అడిగి చూస్తా. నేనొక్కణ్ణి చెప్తే ఆయనా నమ్మడు. సోమవారం వాళ్ళందరినీ పిలుచుకోని విధానసౌధకు రా. ఇంటోళ్ళను మాత్రం నీ మాదిరే గమ్మున నిలబడమను.”

గేటు దాటాక ఆవులప్ప అడిగాడు. “బాగా మాట్లాడినానా?”

“శానా బాగా మాట్లాడినావు.”

ఇంటికి పోకుండా పిల్లమ్మ నేరుగా సుంకమ్మ గుమ్మం ముందు ఆగింది. “మావాడికేమి, బంగారట్ల ఉండాడు,” అని వీధంతా చెప్పుకునే మనిషి సుంకమ్మ. ఆమెను ఒప్పించడం ముందు ఎమ్మెల్యేను ఒప్పించడం ఏపాటి.