ముసలెద్దు గొంతు

2006. అమీర్‌పేటల ఒక బిల్డింగు మూడో అంతస్తుల మా ఆఫీసు. నా పని డీవీడీ ఆథరింగ్. అంటే సినిమాను డిస్కు మీదికి ఎక్కించి, మెనూలు తయారుచేసి, ఏ బటన్ నొక్కితె ఏ సీను రావాల్నో కుదిర్చుడు. హైటెక్ సిటీ దిక్కు పోయేటోళ్ల జీతాలు వేరు, మావి వేరు. అయినా ఊర్ల అందరు నన్ను సాఫ్టువేర్ అనేటోళ్లు. నేను కూడ కాదనలే.

మాది చేవెళ్ల. రోజు బస్సుల వచ్చి పోయేదాన్ని. మెహిదీపట్నంల బస్సు దిగంగనే నా మాట మారేది. ‘వచ్చిన’ పోయి ‘వచ్చానండి’ అయ్యేది. మార్చుకొమ్మని ఎవ్వరు చెప్పలే. కొలువుల చేరిన మొదట్ల నేను ‘గిట్ల పెట్టిన’ అంటే ఎన్కనున్న ఇద్దరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు, గంతే. సాయంత్రం మొయినాబాద్ దాటినంక మళ్ల నా మాట నాకొచ్చేది.

ఆ ఎండకాలం మాకొక బొమ్మల సినిమా పని వచ్చింది. పేరు చెప్పను, చెప్పినా మీకు తెల్వది. కొన్నేండ్ల కింద థియేటర్ల వారం గూడ ఆడలే. ఐటీ కొలువుల పుణ్యమాని ఇంటింటికి డీవీడీ ప్లేయర్లు వచ్చినయ్, పిల్లల డిస్కులకు గిరాకీ పెరిగింది. అందుకని ఒక వీడియో కంపెనీ దాన్ని మళ్ల తెస్తనన్నది. షరతు ఒక్కటే, డిలీటెడ్ సీన్లు ఉండాలె. అంటే థియేటర్ కు పోకముందు కోసి పక్కన పడేసిన సీన్లు. డబ్బా మీద ఆ మాట కనపడితెనే జనం కొంటరని వాళ్ల నమ్మకం.

సినిమా తీసింది శేఖర్ రెడ్డి, కనకమామిడాయన. మా దిక్కోడే గాబట్టి శేఖరన్న అనేదాన్ని. కోసిన సీన్లు ఏమి మిగల్లేదన్నడు ముందు. లేకుంటె సినిమానే రాదు అని కంపెనోళ్లు అన్నంక ఒక టేపు పట్టుకొచ్చిండు. “ఒక సీన్ల ముసలెద్దు మాట్లాడుతది. దాని గొంతు మార్పించాలె. అప్పటిదాంక ఎవ్వరికి వినిపియ్యకు” అన్నడు.

వినకుండ ఎక్కిచ్చుడు ఎట్లయితది? టేపు పెట్టంగనే ఆ గొంతు రూమంత నిండింది. ముసలెద్దు ఉరుకుతున్న దూడను ఆపి చెప్తున్నది: “జర నిలువు బిడ్డా. తొవ్వ యాడికి ఉరుకది, ఆడనే ఉంటది.” పక్క సీటాయన “ఈ ఎద్దుది ఏ జిల్లా అండీ?” అన్నడు. అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. ఆ మాట మా ఇంట్ల మా నాయ్న మాట్లాడినట్టే ఉన్నది, అయినా నవ్విన.

పక్కనే నిలవడ్డ శేఖరన్న మాత్రం నవ్వలే. నన్ను బయట మెట్లకాడికి పిలిచి, “అది మా నాయ్న గొంతు” అన్నడు.

బొమ్మల సినిమాకు ముందుగాల గొంతు రికార్డు చేస్తరు. అది వినుకుంట, నోరు యాడ తెరువాలె, యాడ మూయాలె అని లెక్కవెట్టి బొమ్మ గీస్తరు. దాన్ని లిప్ సింక్ అంటరు. ఆ ఎద్దును మొత్తం వాళ్ల నాయ్న గొంతు మీదనే గీసిన్రు. తీరా సినిమా కొనేటాయన చూసి, “పెద్దమనిషి పాత్రకు ఈ భాషేంటండి?” అన్నడట. శేఖరన్న భయపడి వేరే ఆయనతోని చెప్పిచ్చి, నాయ్న గొంతు తుడిపేసిండు. అంతకుముందే కోసేసిన ఒక్క సీన్ల మాత్రం అది మిగిలిపోయింది.

“మరి నాయ్నకు ఏం చెప్పినవన్నా?”

“సినిమా చూసినంక అడిగితె, రికార్డు చేసిన టేపు ఖరాబైందని చెప్పిన. ఆయన రెండు జీపుల్ల ఊరోళ్లను ఏసుకొని థియేటర్ కొచ్చిండు పద్మా. ఎద్దు మాట్లాడుతది చూడున్రి, అది నేనే అని అందరికి చెప్పుకొని వచ్చిండు.” మెట్ల దిక్కు చూసుకుంటనే మాట్లాడిండు. “ఇప్పుడు ఈ సీను చూస్తె, టేపు ఖరాబు కాలేదని తెలిసిపోతది.”

కొత్త గొంతు రికార్డు కాకముందే, మెనూలు చూసి సరే అనుటానికి శేఖరన్నకొక టెస్ట్ డిస్కు ఇయ్యాల్సి వచ్చింది. కనకమామిడి నా తొవ్వలనే ఉన్నది. ఇంటికాడ ఇచ్చిపోత అన్న. “కోసిన సీన్ల పాత గొంతే ఉన్నదన్నా, నువ్వొక్కనివే చూడు” అని గూడ చెప్పిన.

నేను పోయెవరకు శేఖరన్న ఇంక రాలే. వరండాల వాళ్ల నాయ్న కూసోని ఉండె. బాల్ రెడ్డి పటేలు, పాత సర్పంచు. మైకు లేకుండనే గ్రామసభ నడిపిన మనిషి. ఆఫీసు మాట ఇంక నా నోట్లనే ఉండె. “నమస్కారమండి, శేఖర్ గారున్నారా? డీవీడీ తెచ్చాను” అన్న.

“రా అమ్మా, కూర్చోండి, వస్తాడు” అన్నడు. నాకోసం ఆయన గూడ తన మాటను సగం మార్చుకున్నడు. అది చూసి నా పానం చచ్చిపోయింది. మాది చేవెళ్ల అని చెప్తె, “చేవెళ్లనా?” అని నన్ను మీదికి కిందికి చూసిండు.

డిస్కు పెట్టుమన్నడు. అన్న వచ్చినంక చూద్దామన్న. “నేనుండంగ వాడు ఆ సినిమా పెట్టడు. ఒక్కసారి గూడ పెట్టలే. నువ్వు పెట్టు” అన్నడు. అంత పెద్దమనిషికి కాదని ఎట్ల చెప్పాలె? కోసిన సీను జోలికి పోకుండ, అసలు సినిమా పెట్టిన.

ముసలెద్దు తెర మీదికి రాంగనే, “సౌండు బంజెయ్ బిడ్డా” అన్నడు. బంజేసిన. ఎద్దు నోరు తెరిచింది. పెద్దాయన మాట్లాడుడు షురూ చేసిండు. ఒక్క మాట తప్పలే. ఎద్దు నోరు యాడ తెరిస్తె ఆడ ఆయన మాట లేసింది, యాడ మూస్తె ఆడ ఆగింది.

ఆ సీను అయిపోయేసరికి శేఖరన్న గడప కాడ నిలవడి ఉన్నడు. ఎప్పుడొచ్చిండో నేను చూడలే.

“నోరు నాదే గదరా శేఖరు” అన్నడు పెద్దాయన, తెర మీదికెల్లి చూపు తియ్యకుండ. “లోపల గొంతు ఎవనిది?”

“టేపు ఖరాబు కాలే నాయ్నా. నేనే తీసేసిన.”

“ఎర్కనే. ఆనాడు థియేటర్లనే ఎరుకైంది.”

“మరి ఎన్నడు అడగకపోతివి?”

“అడిగితె ఇంకో అబద్ధం ఆడుతవని.”

శేఖరన్న గడప మీదనే కూలవడ్డడు. నాకు లేచి పోబుద్దయింది, కాని డిస్కు ప్లేయర్ల ఉన్నది. పెద్దాయనే నన్ను అడిగిండు, “నా గొంతు అసలే లేదా బిడ్డా?” అని. ఒక్క సీన్ల ఉన్నదని చెప్పిన. పెట్టుమన్నడు.

సంతోషపడతడు అనుకున్న. “జర నిలువు బిడ్డా” అని ఎద్దు అనంగనే ఆయన మొకం ముడుచుకపోయింది. తన గొంతు తాను బయటికెల్లి వినుడు ఆయనకు అదే మొదలు. సీను అయిపోయింది. కండువ ఒకసారి సర్దుకున్నడు.

“గింత మోటుగ మాట్లాడుతనా నేను?” అన్నడు మెల్లగ. “వాడు చేసిందే కరెక్టు గావచ్చు. మార్చెయ్యున్రి.”

శేఖరన్న రెండు చేతులతోని మొకం కప్పుకున్నడు. కొడుకు సిగ్గు పడాల్సింది పోయి, అది ఆయన మీదికొచ్చి పడ్డది. అన్నేండ్లు మైకు లేకుండ ఊరును నడిపిన గొంతు మీదికి.

“మోటెక్కడిది బాపు? మా నాయ్న గిట్లనే మాట్లాడుతడు. మా ఇంట్ల అందరం గిట్లనే మాట్లాడుతం” అన్న. అప్పటిదాంక నా మాట నాకు రాలే.

పెద్దాయన నా దిక్కు చూసిండు. కోపం లేదు, నిజంగనే అడిగిండు. “మరి గడప తొక్కంగ వేరే తీరుగ మాట్లాడితివి. ఎందుకు బిడ్డా?”

చాయ్ వచ్చింది, తాగిన, డిస్కు తీసుకొని బస్సెక్కిన.

తెల్లారి శేఖరన్న ఫోన్ జేసి గొంతు మార్చొద్దన్నడు. ఆ సీను పెద్దాయన గొంతుతోనే బయటికొచ్చింది. డిస్కును ఎంతమంది కొన్నరో, కొన్నోళ్లల్ల ఎంతమంది ఆ సీను బటన్ నొక్కిన్రో నాకు తెల్వది. అటెన్క ఎన్నో సినిమాలకు గొంతులు మార్పిచ్చిన. ఈ పనిల అది ఒక పూట పని. కాని కొత్త గొంతు కింద ఎవరి నోరు ఉన్నదో చూసి, వాళ్లకు ఒక మాట చెప్పినంకనే మార్పిచ్చిన. ఈ పని నాకు నేర్పింది గంతే.

ఆఫీసుల మాత్రం ఇంకో ఏడాది దాంక ‘వచ్చానండి’ అనుకుంటనే ఉన్న. పెద్దాయన అడిగినదానికి జవాబు అప్పుడు గూడ దొరకలే. ఇన్నేండ్లకు గిది నా మాటల్లనే రాస్తున్న, ఆయనకు చదివి వినిపిద్దామని.